ఇడ్లీ పాత్రకి విజిల్ ఎందుకు?

పోయిన వారం న్యూజెర్సీలోని హైలాండ్ పార్క్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడు కాదు, కాలేజీలో నాకు ఆరేళ్ళ జూనియర్. నిరుడు వందేళ్ళ నాటి ఇల్లు కొన్నాడు. బేస్‌మెంట్‌లోని గ్యాస్ స్టీమ్ బాయిలర్, అంటే ఆవిరితో ఇల్లంతా వెచ్చబెట్టేది, కారడం మొదలెట్టిందట. మూడు కొటేషన్లు తెప్పించుకుని, "అన్నా, ఈ మూడు కంపెనీల్లో ఏది మంచిది?" అని అడిగాడు.

"కొటేషన్ ఇచ్చిన ముగ్గురిలో మేడ మీదికి ఎక్కిందెవరు?" అన్నాను.

"మేడ మీదికెందుకన్నా? బాయిలర్ ఉండేది కింద కదా."

మూడేళ్ళ కిందట నేనూ ఇదే మాట అనేవాణ్ణి. కంపెనీ పేరు మీద రెండు రాత్రులు వృథా చేసి, అడగాల్సినవేవీ అడగకుండా డబ్బు కట్టినవాణ్ణి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. స్టీమ్ బాయిలర్ విషయంలో ఏ కంపెనీదన్నది ఆఖరి ప్రశ్న. ఎంత సైజు, ఎవరు బిగిస్తున్నారు, చుట్టూ పైపులు ఎలా వేస్తున్నారు, ప్రెషర్ ఎంతలో పెడుతున్నారు అన్నవి తేలాక ఓపిక మిగిలితే అప్పుడు కంపెనీ గురించి అడగొచ్చు.

ఒక్క రోజులో అయిపోయిన పని

మాది మెటూచెన్‌లో 1926 నాటి ఇల్లు. తొమ్మిది రేడియేటర్లు (గదుల్లో ఆవిరితో వేడెక్కే ఇనప చట్రాలు), అన్నిటికీ ఒక్కో పైపే. ఆవిరి పైకి ఎక్కేదీ, చల్లబడి నీరై కిందికి దిగేదీ అదే పైపులో. జనవరిలో, బయట మైనస్ తొమ్మిది ఉన్న రోజున పాత బాయిలర్ చిల్లు పడింది. ఇంట్లో మూడు వారాల పసిపిల్ల. పురిటికి సాయంగా అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. ఆ పరిస్థితిలో ఎవడు రేపే వస్తానంటే వాడే దేవుడు.

వచ్చినాయన పాత బాయిలర్ మీది రేకు చూసి గంటకి 2,00,000 బీటీయూ (బీటీయూ అంటే వేడికి కొలత) అని రాసుకున్నాడు. మర్నాడు అదే సైజుది తెచ్చి, సాయంత్రం ఐదింటికల్లా బిగించేశాడు. చుట్టూ కొత్త రాగి పైపులు, పెళ్ళికి తోమిన బిందెల్లా మెరుస్తున్నాయి. ముచ్చటేసి ఫొటో కూడా తీసుకున్నాను. ఆ ఫొటో ఇంకా ఫోన్‌లో ఉంది. ఇప్పుడు చూస్తే అందులో నాకు తప్పులు తప్ప ఇంకేం కనబడవు.

మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి గోడలో ఎవరో సమ్మెట పెట్టి కొట్టినట్టు ఠంగు ఠంగుమని మొదలైంది. పిల్ల లేచింది, ఇల్లంతా లేచింది. పై గదిలో రేడియేటర్ మాత్రం మంచుగడ్డలా ఉంది. హాల్లో రేడియేటర్‌కి గాలి బయటికి పోవడానికి పెట్టిన ఎయిర్ వెంట్ గోడ మీదికి తుపుక్ తుపుక్‌మని నీళ్ళు చిమ్ముతోంది. ఫోన్ చేస్తే వచ్చాడు. బాయిలర్ మీద ప్రెషర్ హద్దు పెట్టే బూడిదరంగు డబ్బా మూత తీసి స్క్రూ తిప్పాడు. "మీకు ప్రెషర్ చాలట్లేదు, పెంచాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఐదు పీఎస్ఐకి (చదరపు అంగుళానికి ఐదు పౌన్ల ఒత్తిడి) పెంచాడు. ఆ రాత్రి నుంచి చప్పుడు రెట్టింపైంది.

కుక్కర్ కాదు, ఇడ్లీ పాత్ర

గది వెచ్చబడకపోతే ప్రెషర్ పెంచాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. మనం పుట్టినప్పటి నుంచి ప్రెషర్ కుక్కర్ చూస్తున్నవాళ్ళం. ప్రెషర్ పెరిగితే పప్పు తొందరగా ఉడుకుతుంది, ఇల్లూ అంతే అనుకుంటాం. కానీ ఇంట్లో స్టీమ్ బాయిలర్ కుక్కర్ లాంటిది కాదు, ఇడ్లీ పాత్ర లాంటిది. ఇడ్లీ కుక్కర్లో పెట్టినా వెయిట్ తీసేసి పెడతాం. అక్కడ కావలసింది ఆవిరి ఇడ్లీని తాకడం, అంతే. తాకి, నీరుగా మారుతూ తన వేడిని ఇచ్చేస్తుంది.

లెక్క చూడండి. ప్రెషర్ లేని ఆవిరి 100 డిగ్రీలు. ఒకటిన్నర పీఎస్ఐ దగ్గర దాదాపు 103. ఐదు పీఎస్ఐకి పెంచితే 108. ఈ ఐదారు డిగ్రీల తేడాతో గది వెచ్చబడదు. పైగా రేడియేటర్ మీది ఎయిర్ వెంట్లు అంత ప్రెషర్‌కి చేసినవి కావు. మూసుకుంటే మళ్ళీ సరిగ్గా తెరుచుకోవు, లేదంటే నీళ్ళు ఉమ్ముతాయి.

అసలు ప్రెషర్ ఎప్పుడు పెరుగుతుంది? రేడియేటర్లు చల్లబరచగలిగిన దానికంటే ఎక్కువ ఆవిరి తయారైనప్పుడు, లేదా ముందున్న గాలి బయటికి పోయే దారి లేనప్పుడు. అంటే ప్రెషర్ గేజ్ ముల్లు పైకి లేచిందంటే ఆవిరి ఎక్కువైందని అర్థం, తక్కువైందని కాదు. మా పై గది చల్లగా ఉండడానికి కారణం తర్వాత దొరికింది. బేస్‌మెంట్ కప్పు కింద పొడుగ్గా సాగే మెయిన్ పైపు చివర ఒక పెద్ద ఎయిర్ వెంట్ ఉంటుంది. ఎప్పుడో పెయింట్ వేసినవాళ్ళు దాని మీద కూడా వేసేశారు. గాలి పోకపోతే ఆవిరి రాదు. నిండా జనం ఉన్న బస్సులోకి ఎంత తోసినా ఎక్కలేం, ముందు లోపలివాళ్ళు దిగాలి.

ఇంకో తమాషా ఉంది. ఇళ్ళలో పెట్టే స్టీమ్ బాయిలర్‌కి సేఫ్టీ వాల్వ్ 15 పీఎస్ఐ దగ్గర తెరుచుకుంటుంది. మన వంటింటి కుక్కర్ వెయిట్ లేచేది కూడా ఇంచుమించు అక్కడే. కుక్కర్ మామూలుగా పని చేసే ప్రెషర్, ఈ బాయిలర్‌కి ఎన్నడూ దాటకూడని హద్దు. బాయిలర్ మీద ఉండే గేజ్ మాత్రం సున్నా నుంచి ముప్పై దాకా చూపిస్తుంది. ఒకటిన్నర దగ్గర నడవాల్సినదానికి ఆ గేజ్ బంగారం తూచడానికి బస్తాల కాటా పెట్టినట్టుంటుంది. నిబంధన కాబట్టి అది ఉండాల్సిందే. పక్కన సున్నా నుంచి మూడు దాకా చూపించేది ఇంకోటి పెట్టించుకున్నాను. ఇప్పుడు మాది అర పీఎస్ఐ దగ్గర వెలిగి, ఒకటిన్నర దగ్గర ఆగేలా ఉంది. అంత చలి లేని రోజుల్లో ఆ ముల్లు సున్నా మీంచి కదలదు. ఇల్లు మాత్రం వెచ్చగానే ఉంటుంది.

నాన్న, గేజ్ గ్లాసు

నాన్న చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు బాయిలర్ అటెండెంట్‌గా పని చేశారు. చెరుకు పిప్పి మండించే బాయిలర్లు, చదరపు సెంటీమీటరుకి ఇరవయ్యొక్క కేజీల ప్రెషర్. మాది ఎంతని అడిగారు. కేజీలో పదో వంతని చెప్పాను. "దీన్ని బాయిలర్ అంటార్రా? మీ అమ్మ ఆవిరి పట్టుకునే గిన్నె నయం" అన్నారు.

అయినా చప్పుడు విన్న పొద్దున కిందికి దిగి ఆయన చేసిన మొదటి పని ప్రెషర్ చూడడం కాదు. స్టూలు లాక్కుని, లోపలి నీటి మట్టం చూపించే గాజు గొట్టం ముందు, అంటే గేజ్ గ్లాసు ముందు కూర్చున్నారు. అరగంట కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళితే, "చూడు, నీళ్ళు గంతులేస్తున్నాయి" అన్నారు. నిజమే. సగానికి ఉండాల్సిన నీళ్ళు అంగుళం, రెండంగుళాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. కాసేపటికి గ్లాసులోంచి పూర్తిగా మాయమయ్యాయి. టక్‌మని మంట ఆగింది, నీళ్ళు తగ్గితే ఆపే కంట్రోల్ పని చేసింది. వెంటనే ఆటోమేటిక్ ఫీడర్ కొత్త నీళ్ళు పెట్టింది. పావుగంటకి పైపుల్లోకి పోయిన పాత నీళ్ళు కూడా తిరిగొచ్చాయి. ఇప్పుడు గ్లాసు నిండా నీళ్ళే. బాయిలర్ నెత్తి దాకా నిండితే ఆవిరికి చోటేది? మళ్ళీ వెలిగినప్పుడు ఆవిరి నీళ్ళని వెంటేసుకుని పైపుల్లోకి పరిగెత్తింది. ఆ నీళ్ళ ముద్ద మలుపు దగ్గర పైపుని గుద్దడమే మేం వింటున్న సమ్మెట.

ఆయన నాతో వల్లె వేయించిన సూత్రం ఒకటుంది. గ్లాసులో నీళ్ళు కనబడకపోతే ముందు మంట ఆపు. వేడెక్కిన ఖాళీ బాయిలర్లోకి నీళ్ళు వదలకు, చల్లారేదాకా ఆగు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే పోత ఇనుము పగలడమే చిన్న నష్టం. ఇరవయ్యొక్క కేజీల దానికైనా, పదో వంతు కేజీదానికైనా ఇందులో తేడా లేదు.

అయితే ఆయన అన్నీ కరెక్టుగా చెప్పారని కూడా అనలేను. రోజూ పొద్దున్నే ఒక బకెట్ నీళ్ళు అడుగు నుంచి వదిలేయడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలో బ్లోడౌన్ ఆయన రక్తంలో ఉంది. అక్కడ నీళ్ళు నిరంతరం వచ్చి ఆవిరైపోతుంటే ఉప్పు పేరుకుంటుంది, వదలాల్సిందే. ఇక్కడ ఆవిరి నీరై మళ్ళీ బాయిలర్‌కే వస్తుంది. వదిలిన ప్రతి బకెట్‌కీ కొత్త నీళ్ళు వస్తాయి, వాటితో కొత్త ఆక్సిజన్ వస్తుంది, ఇనుమును తినేది అదే. వద్దంటే వినలేదు. చివరికి ఫీడర్ మీదున్న మీటర్ చూపించాను, ఎన్ని గ్యాలన్లు పెట్టిందో అందులో పడుతుంది. కళ్ళజోడు పెట్టుకుని చూసి కాసేపు ఊరుకున్నారు. "అంటే ఇది తాగిన నీళ్ళే మళ్ళీ తాగే రకం అన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచి బకెట్ ముట్టుకోలేదు.

హాల్లో రేడియేటర్ సంగతి తేల్చింది కూడా ఆయనే. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి దాని మీద పెట్టి చూశారు. అది వాల్వ్ వైపు కాక అటువైపు వాలి ఉంది. నీళ్ళు వెనక్కి రాలేక మూల చేరుతున్నాయి. అమ్మ పర్సులో ఉన్న ఐదు రూపాయల బిళ్ళలు మూడు తీసి అటు కాళ్ళ కింద పెట్టారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

విప్పని ప్లాస్టిక్ కవరు

బాయిలర్ పక్కన గోడకి ఒక ప్లాస్టిక్ కవర్ వేలాడుతుండేది. లోపల మాన్యువల్, సీల్ కూడా విప్పలేదు. ఒక రాత్రి పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ దాన్ని చదివాను. పైపుల పేజీలో బొమ్మ స్పష్టంగా ఉంది. బాయిలర్‌కున్న రెండు రంధ్రాల నుంచి రెండు పైపులు పైకి లేవాలి. నీటి మట్టానికి కనీసం 24 అంగుళాల ఎత్తులో హెడర్, అంటే ఆ రెండూ కలిసే అడ్డ పైపు, ఉండాలి. హెడర్ చివర నుంచి ఈక్వలైజర్ అనే పైపు తిరిగి బాయిలర్ అడుగుకి దిగాలి. ఇదంతా ఇనప పైపుతో, మర వేసి చెయ్యాలి. టేపు తెచ్చి కొలిచాను. మా హెడర్ 11 అంగుళాల ఎత్తులో ఉంది. పైకి లేచింది ఒకటే పైపు, రెండో రంధ్రానికి బిరడా. అదీ రాగిది. రాగి వేడికి ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, ఆ లాగుడు అతుకుల మీదా బాయిలర్ ముక్కల మీదా పడుతుంది.

అప్పుడు తెలిసింది, ఈ పైపులు బాయిలర్‌కి తగిలించే సరంజామా కాదు, బాయిలర్లో భాగమేనని. పాతకాలం బాయిలర్లు ఒళ్ళు పెద్దవి, ఆవిరీ నీరూ వేరుపడడానికి లోపలే చోటుండేది. ఇప్పటివి బుల్లివి. ఆ వేరుపడే పని బయట పైపుల్లోనే జరగాలి. అందుకే ఆ ఎత్తు, ఆ రెండు పైపులు. హెడర్‌లో నెమ్మదించిన ఆవిరి పైకి పోతే, నీళ్ళు ఈక్వలైజర్‌లోంచి వెనక్కి దిగిపోతాయి.

ఒక్కటి మాత్రం మొదటాయన సరిగ్గానే చేశాడు, హార్ట్‌ఫోర్డ్ లూప్. తిరిగొచ్చే నీళ్ళ పైపుని తిన్నగా బాయిలర్ అడుగున కలపకుండా, నీటి మట్టానికి కాస్త కింది దాకా ఎత్తి అక్కడ ఈక్వలైజర్‌లో కలపడం. పేరు హార్ట్‌ఫోర్డ్‌లోని బాయిలర్ ఇన్సూరెన్స్ కంపెనీ వల్ల వచ్చింది, 1919 నుంచి వాడుకలో ఉంది. రిటర్న్ పైపు ఎక్కడైనా చిల్లు పడితే బాయిలర్ పూర్తిగా ఖాళీ అయిపోకుండా ఇది ఆపుతుంది. పరిహారాలు కట్టీ కట్టీ విసిగినవాళ్ళు పట్టుకున్న ఉపాయం కాబట్టి నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం.

రెండోసారి పిలిచిన ఫిట్టర్ కుర్రాడు. వయసు చూసి అనుమానపడ్డాను. తలుపు తియ్యగానే బేస్‌మెంట్‌కి కాక మేడ మెట్ల వైపు నడిచాడు. గది గదికీ వెళ్ళి ప్రతి రేడియేటర్ ఎత్తు కొలిచి, ముక్కలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. వేడినిచ్చే రేడియేటర్ల ఉపరితలం మొత్తం 310 చదరపు అడుగులు వచ్చింది. స్టీమ్‌లో చదరపు అడుగుకి గంటకి 240 బీటీయూ లెక్క, అంటే 74,400. పైపులు వేడెక్కడానికి మూడో వంతు కలుపుకుంటే దాదాపు 99,000. బాయిలర్ ఎఫిషియెన్సీ 82 శాతం కదా, గ్యాస్ లెక్కన 1,20,000 పైచిలుకు. "మీకు 1,25,000ది సరిపోయేది, 2,00,000ది పెట్టారు" అన్నాడు. కాగితం నా చేతిలో పెట్టాడు. నాకు ఆ నిమిషంలో కడుపులో తిప్పినట్టైంది.

ఇంటి చదరపు అడుగులు చూసి సైజు చెప్పేవాడినీ, పాత బాయిలర్ రేకు చూసి చెప్పేవాడినీ నమ్మొద్దు అని నేను అనేది ఇందుకే. పాతదాన్ని పెట్టినవాడు లెక్క కట్టాడని ఏమిటి నమ్మకం? ఆవిరి వెళ్ళి ఆగేది రేడియేటర్ల దగ్గర. అవి మేడ మీద ఉన్నాయి.

బాయిలర్ మార్చే స్తోమత లేదు. పైపులు మాత్రం మార్పించాను. రెండు రోజులు పట్టింది. తర్వాత గ్యాస్ సంగతి చూశాడు. ఇంటి గ్యాస్ మీటర్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక ఘనపుటడుగు గ్యాస్ 1,030 బీటీయూ అనుకుంటే, ఈ బాయిలర్‌కి పద్దెనిమిదిన్నర సెకన్లకి ఒక అడుగు తిరగాలి. పదిహేడు సెకన్లకే తిరిగింది. వాల్వ్‌కి గ్యాస్ ప్రెషర్ కొలిచే మానోమీటర్ తగిలిస్తే, నీటి మట్టం లెక్కలో 3.5 అంగుళాలు ఉండాల్సింది 4.2 ఉంది. అంటే ఎక్కువైన బాయిలర్‌కి గ్యాస్ కూడా ఎక్కువ పోస్తున్నాం. సరిచేసి, పొగగొట్టంలో మీటర్ పెట్టి కార్బన్ మోనాక్సైడ్ చూసి గానీ వెళ్ళలేదు. మొదటాయన వ్యానులో ఈ మీటర్ ఉందో లేదో గానీ మా ఇంటి గుమ్మం మాత్రం దాటలేదు. స్క్రూడ్రైవర్ ఉంది కదా అని గ్యాస్ వాల్వ్ జోలికి మీరు మాత్రం వెళ్ళకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక గది దగ్గర ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

తప్పు అతనిదేనా?

చాలాకాలం ఆ మొదటాయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు అంత తేలిగ్గా తిట్టలేకపోతున్నాను. మైనస్ తొమ్మిదిలో పసిపిల్లతో ఉన్నవాడు పిలిచాడు, మర్నాడే వచ్చాడు. రాగి వేస్తే ఒక రోజు పని, ఇనప పైపు కోసి మర వేసి ఎత్తుగా కడితే రెండు రోజులు. నా చేతిలో మూడు కొటేషన్లుంటే అన్నిటికంటే తక్కువది ఎంచుకున్నది నేనే. ఆ రెండో రోజు కూలీ నేను ఇవ్వనన్నట్టే కదా. టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి గ్యాస్ లైనూ, చిమ్నీ, సేఫ్టీ వాల్వూ చూసి సంతకం పెట్టాడు. అవి సరిగ్గానే ఉన్నాయి కూడా. హెడర్ ఎత్తు ఎవరూ అడగలేదు. అయినా ఒక్క దగ్గర మాత్రం క్షమించలేను. మళ్ళీ పిలిచినప్పుడు అరగంట ఆ గేజ్ గ్లాసు ముందు కూర్చోకుండా స్క్రూ తిప్పి వెళ్ళాడే, అక్కడ.

ఇంకో ప్రశ్న మా ఆవిడ వేసింది. "ఇంత గొడవెందుకు, అన్నీ పీకేసి హీట్ పంప్ పెట్టించొచ్చుగా?" సమాధానం నా దగ్గర పూర్తిగా లేదు. స్టీమ్ బాయిలర్ ఎంత బాగా పెట్టినా 80 పైచిలుకు శాతం దగ్గరే ఆగిపోతుంది. వేడి నీళ్ళతో నడిచే కండెన్సింగ్ బాయిలర్లు 90 దాటతాయి. ఇక్కడ నీళ్ళు మరగాల్సిందే కాబట్టి పొగలోని ఆవిరిని నీరు చేసి ఆ వేడిని రాబట్టే వీలు లేదు. వేసవికి ఏసీ ఎలాగూ కావాలి, హీట్ పంప్ రెండూ చేస్తుంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకి స్టీమ్ పెట్టుకోమని నేను చచ్చినా చెప్పను. కానీ ఉన్నది ఉన్నట్టు పని చేసేలా ఉంటే, గోడలు పగలగొట్టే ఖర్చు ముందు ఇనప పైపుల ఖర్చు ఎంత? ఈ బాయిలర్ పోయే రోజున మళ్ళీ ఆలోచిస్తాను. సైజు ఎక్కువ కాబట్టి ఇది మాటిమాటికీ వెలిగి ఆగుతుంటుంది, ఆ రోజు కాస్త ముందే రావచ్చు. పైపులు మార్చాక గ్యాస్ బిల్లు తగ్గింది, నిజం. అయితే ఆ చలికాలం అంత చలి లేదు, అందుకని దాన్ని నా వాదనకి సాక్ష్యంగా తెచ్చుకోను.

పొంగే గంజి

పైపులు కొత్తవి వేసినా నీళ్ళ గంతులు వెంటనే ఆగలేదు. ఫిట్టర్ ముందే చెప్పాడు. మర వేసేటప్పుడు వాడే నూనె నీళ్ళ మీద తేలుతుంది, దాన్ని తీసేదాకా ఇంతే. అమ్మకి ఈ మాట చెప్తే ఒక్క క్షణంలో పట్టేసింది. ఉత్త నీళ్ళు ఎంత మరిగినా పొంగవు, గంజి అయితే పొంగుతుంది కదా.

తీసే పద్ధతి విసుగు పుట్టించేంత నెమ్మది. నీటి మట్టం దగ్గరే పక్కన ఒక రంధ్రం ఉంటుంది. బాయిలర్ని వేడి చేసి, మరగనివ్వకుండా, నీళ్ళని ఆ రంధ్రం మీదుగా పెన్సిలంత ధారగా వదలాలి. ధార లావైతే నూనె రాదు, నీళ్ళే వస్తాయి. రెండు శనివారాలు, పూటకి మూడు గంటలు, బకెట్ తర్వాత బకెట్. మొదటి బకెట్లలో పులుసు మీద తేలిన నూనెలా రంగురంగుల పొర. రెండో శనివారం సాయంత్రానికి నీళ్ళు తేటబడ్డాయి. మర్నాడు గేజ్ గ్లాసులో నీళ్ళు వెంట్రుకవాసి కదిలాయి, అంతే. ఈ పని మొదటాయన చెయ్యలేదు సరే, చెయ్యాలని చెప్పనూ లేదు.

ఇక మిగతా ఆలనాపాలనా పెద్దది కాదు. వారానికోసారి గ్లాసు చూస్తాను, మీటర్ చూస్తాను. ఫీడర్ నెలకి పెట్టే నీళ్ళు ఉన్నట్టుండి పెరిగాయంటే ఎక్కడో కారుతోందని. నీళ్ళు తగ్గితే మంట ఆపే కంట్రోల్ నాది ప్రోబ్ రకం, ఏడాదికోసారి విప్పి తుడిపిస్తాను. ఫ్లోట్ రకమైతే అడుగున చేరే మట్టిని వారం వారం నీళ్ళతో బయటికి వదలాలి, లేకపోతే బురదలో ఫ్లోట్ ఇరుక్కుని, అవసరమైన రోజున కదలదు. కొత్త నీళ్ళు పెట్టిన వెంటనే ఒకసారి మరిగిస్తాను, ఆక్సిజన్ పోవడానికి. రేడియేటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచాలి, లేదా పూర్తిగా మూసెయ్యాలి. సగం తెరిస్తే లోపలికెళ్ళిన ఆవిరి నీరై బయటికి రాలేదు. ఇది మా ఇంటికొచ్చే చుట్టాలందరికీ చెప్తాను, ఎవరూ వినరు.

నిన్న తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు.

"అన్నా, మా ఆవిడ గుర్తు చేసింది. ముగ్గురిలో ఒకాయన మేడ మీదికి వెళ్ళాడంట."

"రేడియేటర్లు లెక్కపెట్టాడా?"

"లేదన్నా. బాత్రూంకి వెళ్ళొచ్చాడు."

శనివారం టేపు పట్టుకుని నేనే వెళ్తున్నాను.